ఈకలు రాల్చే పెట్టను కొయ్యొద్దు, మేత మార్చండి

ప్రశ్న: మాది గుంటూరు, నల్లపాడు వైపు. పెరట్లో ఆరు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. పెట్టల్లో నాలుగు గ్రామప్రియ (ఎక్కువ గుడ్లు పెట్టే పెరటి కోళ్ల రకం), రెండు నాటువి. గ్రామప్రియల్ని నిరుడు వేసవిలో పిల్లలుగా తెచ్చాం. శ్రావణం దాకా రోజూ నాలుగైదు గుడ్లు వచ్చేవి. దసరా వచ్చేసరికి ఒకటే వస్తోంది, ఒక్కోరోజు అదీ లేదు. పొద్దున్నే గూడు తలుపు తీస్తే కుప్పగా ఈకలు. ఒక పెట్టకి మెడంతా బోసిపోయింది. పక్కింటాయన ఇది తెగులంటూ మందుల షాపు నుంచి ఏదో పొడి తెచ్చిచ్చారు, నీళ్లలో కలిపి పెట్టమన్నారు. ఇంకొకరు రెండు రోజులు మేత ఆపితే మళ్లీ గుడ్లకొస్తాయన్నారు. మావారు గూట్లో బల్బు పెడదామంటున్నారు. అత్తయ్యగారేమో గుడ్డు పెట్టని కోడికి మేత దండగ, కోసేద్దాం అంటున్నారు. సంక్రాంతికి పుంజును కొంటానని ఒకాయన ఇప్పటినుంచే తిరుగుతున్నాడు. వానలు ఇంకా పోలేదు, పెరడంతా చిత్తడి. ఏం చెయ్యమంటారు?
— ఒక సోదరి, గుంటూరు

సమాధానం:

చెల్లెమ్మా, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇది తెగులు కాదు. మీ పెట్టలు ఈకలు మారుస్తున్నాయి. నిరుడు వేసవిలో పిల్లలుగా వచ్చాయంటే ఇప్పుడు వాటికి ఏడాదిన్నర వయసు. పెట్ట మొదటిసారి ఒళ్లంతా ఈకలు మార్చే వయసు అదే, కాలమూ ఇదే. కత్తి లోపల పెట్టెయ్యండి. ఆ పొడి నీళ్లలో కలపకండి. మేత మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి. వచ్చే ఏడాది మీ ఇంట్లో గుడ్లు ఎన్ని పడతాయన్నది ఈ రెండు మూడు నెలలు వాటిని మీరెలా చూసుకుంటారన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఎందుకిలా జరుగుతుందో చెబుతాను, ఇంట్లోవాళ్లకు మీరు చెప్పడానికి పనికొస్తుంది. పెట్ట గుడ్లకు రావడం వెలుతురుతో ముడిపడిన సంగతి. కంటికి కనిపించే వెలుతురే కాదు, పలచని పుర్రెలోంచి మెదడుకు చేరే వెలుతురు కూడా దాని ఒంటిని నడిపిస్తుంది. మన గుంటూరు, విజయవాడల్లో జూన్‌లో పగటిపూట 13 గంటల పైచిలుకు. సెప్టెంబరు 23 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానం. డిసెంబరు మూడోవారానికి పగలు 11 గంటల 10 నిమిషాల దగ్గరికి దిగిపోతుంది. ఇలా పొద్దు తగ్గుతుండగా పెట్ట గుడ్లు ఆపి, లోపల గుడ్డు తయారయ్యే గొట్టాన్ని కుదించుకుని, ఒంట్లో ఉన్న బలమంతా కొత్త ఈకల మీద పెడుతుంది. చలిదేశాల్లో పగటికీ రాత్రికీ తేడా చాలా ఎక్కువ, అందుకని అక్కడి కోళ్లన్నీ దాదాపు ఒకేసారి బోడిగా తయారవుతాయి. మన దగ్గర ఆ తేడా రెండు గంటలే కాబట్టి ఒక పెట్ట భాద్రపదంలో మొదలుపెడితే ఇంకొకటి కార్తీకంలో మొదలుపెడుతుంది. ఒకటి మెడ బోసిపోయి, పక్కనే ఇంకొకటి నిగనిగలాడుతూ ఉంటే పక్కింటివాళ్లకు తెగులని అనుమానం రావడంలో తప్పులేదు.

రాలే వరస చూస్తే మీకే తెలిసిపోతుంది. మొదట తల, మెడ. తర్వాత రొమ్ము, వీపు. ఆ తర్వాత రెక్కలు, తోక. మెడ బోసిపోయిన ఆ పెట్టను రేపు పొద్దున వెలుతురులో దగ్గరగా చూడండి. పట్టుకోకండి, గింజలు చల్లితే అదే మీ కాళ్ల దగ్గరికొస్తుంది. మెడ చర్మం మీద నీలంగా, మొన దేరిన సన్నటి పుల్లలు వరసగా కనిపించాలి. అవే కొత్త ఈకలు. ఒక్కోదాని మీద మైనం పూసినట్టు పలచటి తొడుగు ఉంటుంది, లోపల రక్తం ఆడుతుంటుంది. కోడి ముక్కుతో దువ్వుకున్నప్పుడల్లా ఆ తొడుగు చిట్లి తెల్లటి పొట్టు రాలుతుంది, కొసన కుచ్చులా ఈక విచ్చుకుంటుంది. గూట్లో కర్ర కింద చుండ్రులాంటి తెల్లటి పొడి ఉందంటే అదే. ఆ పుల్లలు కనిపించాయా, మీ పెట్ట ఆరోగ్యం సగం తేలిపోయినట్టే.

మిగతా సగం తేల్చుకోవడానికి రాత్రి చీకటి పడ్డాక, కోళ్లు కర్రెక్కాక, సెల్‌ఫోన్ లైటుతో ఒక్కో కోడినీ చూడండి. తోక కింద, రెట్ట వచ్చే చోట ఈకలు పక్కకు తీయండి. ఈక మొదట్లో బూడిదరంగు గడ్డల్లా అంటుకుని ఉంటే అవి పేల గుడ్లు. కర్ర సందుల్లో, గూటి చెక్కల పగుళ్లలో రాత్రిపూట పాకేవి కనిపిస్తే గోమార్లు. వాటి సంగతి వేరే, పేల గురించి కింద చెబుతాను. వీపు మీద మాత్రమే ఈకలు విరిగి, పుల్లలు మొండిగా మిగిలి ఉంటే అది పుంజు తొక్కుడు వల్ల. మీ రెండు నాటు పెట్టల్లో ఒకదానికి రొమ్ము మాత్రమే బోసిపోయి, గూట్లోంచి లేవకుండా, దగ్గరికెళితే ఈకలు పొంగించి గుర్రుమంటోందా? అది పొదుగుకు కూర్చుంది. గుడ్లకు వెచ్చదనం తగలాలని తన రొమ్ము ఈకలు తనే పీక్కుంటుంది. మీరు రాయలేదు గానీ, ఆరింటిలో ఒకటి ఇలా ఉందేమోనని నా అనుమానం.

తెగులు వస్తే కోడి వాలకమే మారిపోతుంది. ఈకలు మార్చే పెట్ట కాస్త మందంగా ఉంటుంది, పక్క కోళ్లకు దూరంగా తిరుగుతుంది, తల మీది ఎర్ర జుట్టు పాలిపోయి కుదించుకుంటుంది, కానీ మేత తింటుంది, కన్ను చురుగ్గా ఉంటుంది, పిల్లి అలికిడికి తలెత్తుతుంది. కొక్కెర తెగులు పట్టిన కోడి తినదు. ఆకుపచ్చగా నీళ్లలా పారుతుంది, నోరు తెరిచి గురకపెడుతుంది, కొన్నింటికి మెడ మెలితిరిగిపోతుంది, ఒకటి పోయిన వెంటనే ఇంకొకటి పోతుంది. జుట్టు, గొంతు కింది తమ్మెలు నీలంగా మారి ముఖం వాచి కోళ్లు వరసగా చనిపోతే చేత్తో ముట్టుకోకండి, కొయ్యకండి, కాలవలో పారెయ్యకండి. వెంటనే పశువైద్యశాలకు గానీ 1962 నంబరుకు గానీ చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కాబట్టి ఈ జాగ్రత్త ఎక్కువ అనుకోవద్దు. మీ ఉత్తరంలో ఈ లక్షణాలు ఒక్కటీ లేవు. అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

ఇప్పుడు అసలు పనికొద్దాం. ఈకలో 85 శాతానికి పైగా మాంసకృత్తులే. ఒళ్లంతా కొత్త ఈకలు మొలిపించుకోవాల్సిన కోడికి మీరేం పెడుతున్నారు? మన ఇళ్లల్లో మామూలుగా పడేది నూకలు, అన్నం, జొన్నలు, కాస్త తవుడు. నూకల్లో మాంసకృత్తులు 7, 8 శాతం. మొక్కజొన్నలో 9. ఈ సమయంలో దానికి కావలసింది 16 నుంచి 18 శాతం. కడుపు నిండుతుంది గానీ ఈక రాదు. రెండు నెలల్లో లేచి తిరగాల్సిన పెట్ట నాలుగు నెలలు దిష్టిబొమ్మలా తిరగడానికి కారణం చాలా ఇళ్లలో ఇదే. రెండు రోజులు పస్తుపెట్టమన్న సలహా ఇంకా దారుణం. ఫారాల్లో మేత ఆపి కోళ్లచేత బలవంతంగా ఈకలు రాల్పించే పద్ధతి ఒకటుంది, ఆ మాట ఎక్కడో విని మీకు చెప్పి ఉంటారు. ఇప్పటికే ఈకలు రాలి, చర్మం కింద రక్తం పోసుకుంటున్న కోడికి మేత ఆపడం పాపం, చెల్లెమ్మా. దయచేసి చెయ్యకండి.

దాణా కొట్లో గుడ్ల కోళ్ల మేతతో పాటు ఎదిగే కోళ్ల మేత కూడా దొరుకుతుంది, గ్రోయర్ అంటే ఇస్తారు. ఈ రెండు నెలలకు గ్రోయర్ తీసుకోండి. గుడ్ల కోళ్ల మేతలో సున్నం ఎక్కువ, గుడ్డు పెట్టని పెట్టకూ పుంజుకూ అంత అక్కర్లేదు, మూత్రపిండాల మీద పడుతుంది. గుల్ల ముక్కలు వేరే చిప్పలో పెట్టండి, కావలసినప్పుడు అవే తింటాయి. కోడికి రోజుకు 100 నుంచి 120 గ్రాములు చాలు. అంటే మీ ఏడింటికి ముప్పావు కిలో, కాస్త పైన. అందులో మూడొంతుల్లో రెండొంతులు గ్రోయర్ వేసి, మిగతాది మీ నూకలు, జొన్నలు వేయండి. దానికి తోడు సాయంత్రం గుప్పెడు ఎండు రొయ్యపొట్టు గానీ ఎండిన చిన్న చేపలు గానీ పెట్టండి. ఉప్పు పట్టించిన ఎండుచేప వద్దు, ఉప్పు ఎక్కువైతే కోడికి విషంతో సమానం. ఉప్పు లేకుండా ఎండబెట్టినదని అడిగి తీసుకోండి. ఉలవలు ఉడకబెట్టి పెట్టవచ్చు, పచ్చివి వద్దు. మీ వీధిలో మునగచెట్టు తప్పకుండా ఉంటుంది. లేత రెమ్మలు కోసి గూటికి వేలాడదీయండి, ఎగిరి పొడుచుకు తింటాయి. అన్నిటికన్నా మంచిది ఒకటుంది, వింటే అత్తయ్యగారు ముఖం చిట్లిస్తారేమో. రోజుకొకటి వస్తోందన్నారే, ఆ గుడ్డును గట్టిగా ఉడకబెట్టి, పెంకుతో సహా చిదిమి, మెడ బోసిపోయిన ఆ పెట్టకే పెట్టండి. వారానికి రెండుసార్లు చాలు.

రెండు విషయాల్లో మాత్రం గట్టిగా ఉండండి. మన గుంటూరు జిల్లాలో పత్తిగింజల చెక్క గేదెలున్న ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అందులో ఉండే విషపదార్థం కోడికి పడదు, గుడ్డు సొన రంగు కూడా చెడిపోతుంది. ఇక వేరుశనగ చెక్క, మొక్కజొన్న. ఈ చిత్తడిలో ఇవి బూజు పడితే ఆ బూజు విషం కోడి కాలేయాన్ని తినేస్తుంది. ముక్క వాసన కొడుతున్నా, పచ్చగా నల్లగా మచ్చలున్నా ఎండబెట్టి వాడదామనుకోకండి, పారెయ్యండి. ఎండలో పెడితే బూజు పోతుంది, విషం పోదు. మేత బస్తా నేల మీద కాకుండా ఇటుకల మీదో చెక్క మీదో ఉండాలి, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొనాలి.

బల్బు గురించి మీవారికి చెప్పండి, ఇప్పుడు వద్దని. వెలుతురు పెంచి గుడ్లు తీయడం తప్పేమీ కాదు, ఫారాల్లో అలాగే తీస్తారు. కానీ ఈకలు సగంలో ఉన్న కోడిని గుడ్లకు తోస్తే రెండు పనులకూ దాని ఒంట్లో సత్తువ చాలదు. ఈకలు పూర్తిగా వచ్చి, జుట్టు మళ్లీ ఎర్రబారాక కూడా గుడ్లు రాకపోతే అప్పుడు చిన్న ఎల్ఈడీ పెట్టుకోవచ్చు. పెడితే తెల్లవారుజామున వెలగాలి, సాయంత్రం కాదు. రాత్రి ఒక్కసారిగా దీపం ఆరిపోతే కోళ్లు కర్ర ఎక్కకుండానే చీకట్లో చిక్కుకుపోతాయి. వారానికి అరగంట చొప్పున పెంచాలి, పగలూ దీపం కలిపి 14 గంటలు దాటనక్కర్లేదు. నా మటుకు నేనైతే పెరటి కోళ్లకు బల్బే వద్దంటాను. నాటు పెట్ట ఏడాదికి పెట్టేదే 60, 80 గుడ్లు. గ్రామప్రియ అంతకన్నా చాలా ఎక్కువ పెడుతుంది. అంత పెట్టినదానికి రెండు మూడు నెలలు ఊపిరి పీల్చుకునే హక్కు లేదా?

వాన సంగతి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, నాకు మాత్రం అదే పెద్ద సంగతి. ఈకలు ఊడిన కోడికి మన ఊరి చలి ఏమీ చేయదు, తడి చేస్తుంది. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా వాన నైరుతి నుంచి వచ్చింది, మీ గూటికి పడమటివైపు పట్టా కట్టుకుని ఉంటారు. ఆశ్వయుజం దాటాక గాలి మళ్లుతుంది. ఇకనుంచి జల్లు తూర్పు, ఈశాన్యం వైపు నుంచి కొడుతుంది. పట్టా ఇటు మార్చి కట్టండి. కట్టేటప్పుడు పైన జానెడు ఖాళీ వదలండి. చలేస్తుందని నాలుగువైపులా మూసేస్తే రెట్ట ఘాటు లోపలే నిలిచి కళ్లు మండి, ముక్కులు కారి, అప్పుడొస్తుంది నిజమైన జబ్బు. పొద్దున తలుపు తీయగానే మీ ముక్కుకు ఘాటు తగిలిందంటే గాలి చాలలేదన్నమాట.

కింద నేల చిత్తడి పోవాలంటే గూట్లో మూడు నాలుగు అంగుళాల మందాన పొడి ఊక పరిచి, రెండు రోజులకోసారి కర్రతో తిరగెయ్యండి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దకట్టే ఊకను అక్కడికక్కడే తీసెయ్యాలి. ఆ తడి ఊకలోనే రక్తపారుడు పురుగు పెరుగుతుంది. దానికి బలయ్యేది ముఖ్యంగా పిల్లలు. తీసిన ఊక, రెట్ట పచ్చిగా మొక్కల మొదట్లో వేయకండి, వేళ్లు మాడతాయి. ఒక మూల కుప్పపోసి కుళ్లనిస్తే సంక్రాంతి దాటాక బంగారం లాంటి ఎరువు. పెరట్లో కోళ్లు ఎక్కువగా తిరిగే చోట ఇసుక గానీ ఇటుకపొడి గానీ పోయండి. నీళ్లు నిలిచిన గుంటలు పూడ్చెయ్యండి. ఆ గుంటల్లో పుట్టే దోమలే కోళ్లకు మశూచి అంటిస్తాయి, జుట్టు మీద తమ్మెల మీద నల్లటి పొక్కులు లేచేది దాని వల్లే.

పేలు కనిపించాయంటే పొడి ఇసుకలో చెక్క బూడిద కలిపి ఒక తొట్టిలో పోసి వాన తగలని చోట పెట్టండి. కోళ్లు అందులో దొర్లి, ఒళ్లంతా పోసుకుని చాలావరకు అవే వదిలించుకుంటాయి. ఎక్కువగా ఉంటే పశువైద్యుణ్ణి అడిగి కోళ్లకు వాడే పేల మందే తెచ్చుకుని, పేల గుడ్లు పొదిగే గడువు చూసుకుని, పది రోజులకు మళ్లీ వేయాలి. మన జిల్లాలో మిరప, పత్తి ఉన్న ఇళ్లలో పురుగుమందు డబ్బా ఏదో ఒకటి మిగిలి ఉంటుంది. ఒక మూత మందు బకెట్టు నీళ్లలో కలిపి కోడిని ముంచమని చెప్పేవాళ్లుంటారు. వినకండి. కోడి పోవచ్చు, గుడ్డులోకి దిగిన మందు మీ పిల్లలు తింటారు. కిరసనాయిలు రాయడమూ వద్దు, కొత్త ఈకల మొదళ్లు మండిపోతాయి.

పక్కింటాయన తెచ్చిన పొడి యాంటీబయాటిక్ అయి ఉంటుంది. రోగం లేని కోడికి అది చేసే మేలేమీ లేదు, ఆ మందు గుడ్లలోకి వస్తుంది. ఆయన మంచి మనసుతో తెచ్చారు కాబట్టి నొచ్చుకోకుండా చెప్పి ఇంకో పనికి ఒప్పించండి. కొక్కెర తెగులు టీకా సీసా విప్పితే కనీసం వంద కోళ్లకు వస్తుంది, కలిపాక రెండు గంటల్లోపు వాడెయ్యాలి. ఏడు కోళ్ల కోసం ఒక్కరు తెచ్చుకోవడం కుదిరే పని కాదు. మీ వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ ఒక రోజు అనుకుని పశువైద్యశాలలో మాట్లాడుకుంటే అందరికీ అయిపోతుంది. ఈకలు సగంలో ఉన్నవాటికి ఎప్పుడు వేయాలో డాక్టరు గారే చెబుతారు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, పెద్ద జబ్బయితే అంతదూరం వెళ్లినా వృథా కాదు. నట్టల మందు కూడా ఈ వానలు వెనకబట్టాక ఒకసారి వేయించండి.

దీపావళి రాత్రి గూటికి వీధివైపు గోనెపట్టాలు వేలాడదీసి, కోళ్లను పొద్దు కుంకకముందే లోపలికి తోలండి. బెదిరిన పెట్ట ఆ తర్వాత రెండు మూడు రోజులు తోలుగుడ్డు పెడితే కంగారు పడొద్దు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రం గూటిని నమ్ముకోకండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది మన బాపట్ల దగ్గరే. విజయవాడలో 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. గంపలు రెండు అటక మీద సిద్ధంగా ఉంచుకోండి. గాలి మొదలవకముందే కోళ్లను వసారాలో గంపల కింద పెట్టేస్తే ఒక రాత్రి గడిచిపోతుంది. మీ గూడు నేల మీద ఉంటే ఈ ఏడాదికి కాకపోయినా వచ్చే వానాకాలానికి రెండడుగుల కాళ్ల మీదికి ఎత్తించండి. ముంగిసకీ బావురుపిల్లికీ కూడా అదే అడ్డు.

ఈ రోజుల్లో ఈకలు మార్చే పెట్టను ఎత్తుకోవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. కొత్త ఈక పుల్లను నొక్కితే దానికి నొప్పి, విరిగితే రక్తం కారుతుంది. రక్తం కనిపిస్తే మిగతా కోళ్లు అక్కడే పొడుస్తాయి. అలా విరిగితే పసుపు అద్ది, మానేదాకా వేరుగా ఉంచాలి. పుంజు వెంటపడుతుంటే మెడ బోసిపోయిన పెట్టను పగటిపూట కంచె అవతల వదలండి, మిగతావి కనిపించేలా. పూర్తిగా కంటికి దూరం చేస్తే తిరిగి కలిపేటప్పుడు తగువు.

అత్తయ్యగారి మాట తీసిపారెయ్యకండి. మేత దండగ అన్న మాట వెనక ఇంటి ఖర్చు చూసుకున్న మనిషి అనుభవం ఉంది. ఆవిడకు ఆవిడ భాషలోనే చెప్పాలి. ఇప్పుడు కోస్తే ఆ కోడి ఒంట్లో కండ ఉండదు, చర్మమంతా మొలక ఈకలు గుచ్చుకుని ఉంటాయి. వేడినీళ్లు పోసి పీకినా మొదళ్లు లోపలే మిగిలిపోతాయి, ఒక్కోటీ చేత్తో లాగాలి. ఈ కష్టం ఆవిడకు మీకన్నా బాగా తెలుసు. పైగా కార్తీకం వస్తోంది. ఆ నెల్లాళ్లూ మీ ఇంట్లో గుడ్డు ముట్టేవాళ్లు ఎందరు, కొనడానికొచ్చే ఇరుగుపొరుగు ఎందరు? గుడ్డుకు అడిగేవాళ్లు లేని నెలలోనే కోడి విశ్రాంతి తీసుకుంటోంది. ఈకలు ఒత్తుగా వచ్చి జుట్టు ఎర్రబడ్డాక, పుష్యమాసం ప్రాంతంలో, మళ్లీ గుడ్లు మొదలవుతాయి. అప్పుడొచ్చే గుడ్డు నిరుటికన్నా పెద్దది, పెంకు ఈకలు రాల్చకముందు కన్నా గట్టిది. సంఖ్య మాత్రం మొదటి ఏడాది కన్నా కొంచెం తగ్గుతుంది, అది ముందే చెప్పెయ్యండి.

అయినా ఒకదాన్ని తగ్గించుకోవాల్సి వస్తే మెడ బోసిపోయినదాన్ని మాత్రం తీయకండి. ఆలస్యంగా మొదలుపెట్టి ఒక్కసారిగా ఈకలన్నీ దులిపేసుకునేదే మంచి గుడ్ల పెట్ట. దాని ఒంట్లోని బలమంతా చివరిదాకా గుడ్లకే పోయింది, ఇప్పుడు త్వరగా తేరుకుంటుంది. శ్రావణంలోనే మొదలుపెట్టి నాలుగు ఈకలు ఇవాళ, నాలుగు ఈకలు రేపు అన్నట్టు నెలల తరబడి సాగదీసేది ఒకటి ఉంటే, చూపులకు అదే బాగుంటుంది, గుడ్లకు అదే తక్కువ. దాన్ని గుర్తుపెట్టుకోండి. ఒంటి మీద కండ పట్టాక, సంక్రాంతి నాటికి, అత్తయ్యగారి మాట నెగ్గించవచ్చు. లోటు పూడ్చడానికి సంతలో కొత్త పెట్టలు ఇప్పుడే కొనకండి. కొన్నా మూడు వారాలు వేరే గంప కింద, వేరే నీళ్ల చిప్పతో ఉంచకుండా మీవాటితో కలపకండి.

ఇక పుంజు. సంక్రాంతికని ఇప్పుడే బేరమాడేవాడు పెంపకానికి అడుగుతున్నాడా, బరికి అడుగుతున్నాడా అన్నది ముఖం మీదే అడగండి. కాలికి కత్తి కట్టే పందెం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ప్రకారం జూదం కూడా. మీ చేత్తో గింజలు తిన్న పుంజును అక్కడికి పంపవద్దనే నేను చెబుతాను. కాదన్నాక ఆయన మళ్లీ మళ్లీ వస్తాడు, ధర పెంచుతాడు, పుంజు ఎక్కడ పడుకుంటుందో ఓరకంట చూసుకుంటాడు. ధనుర్మాసం వచ్చేసరికి మన వైపు పుంజుల దొంగతనాలు మొదలవుతాయి. గూటి తలుపుకు గొళ్లెం చాలదు, తాళం వేయండి. పుంజుకూ ఇప్పుడు తోక ఈకలు రాలుతుంటాయి, కూత తగ్గుతుంది. ఆ బోసితోక చూస్తే ఆయనకే కొన్నాళ్లు కొనాలనిపించకపోవచ్చు.